కూలి ఎంతన్నది కాదు, ఎప్పుడిస్తారో చెప్పు

తమ్ముడూ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట కోసం నువ్వు రాసిన మాడ్యూల్, అదే ప్లేయర్లు హీరోల గుంపుగా (పార్టీగా) ఆడే సాహస కథ, మొత్తం చదివాను. వంతెన సీన్ బాగా కుదిరింది. పొగడ్తలు ఇక్కడితో అయిపోయాయి, ఎందుకంటే పదకొండో పేజీ దగ్గర నాకు ఒళ్లు మండింది. "ట్రాప్‌లో పోర్టర్ చనిపోతే అతని మిగతా కూలి పార్టీకి మిగిలినట్టే" అని రాశావు. జోక్ అని తెలుసు, టేబుల్ దగ్గర నవ్వుతారు కూడా. కానీ అంత పెద్ద మాడ్యూల్లో హీరోల మూటలు మోసే ఆ నలుగురు పోర్టర్ల గురించి నువ్వు రాసిన మాట అదొక్కటే. ఇంకెక్కడున్నారా అని వెతికితే సామాన్ల లిస్టులో తాడుకీ టార్చ్‌లకీ (కాగడాలకీ) మధ్యలో దొరికారు, "పోర్టర్లు 4, రోజుకి 2 సిల్వర్" అని. పేర్లు కూడా లేవు.

ఆ 2 సిల్వర్ నాణేలు నువ్వు ఆట రూల్స్ పుస్తకం, ఐదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నుంచి ఎత్తి పెట్టావు, అది తప్పని అనను. పని నేర్వని మనిషికి రోజుకి 2 సిల్వర్, పనితనం ఉన్నవాడికి 2 గోల్డ్, అంటే పది రెట్లు. అయితే అదే చాప్టర్‌లో ఒక రోజు రేషన్ ధర 5 సిల్వర్ అని ఉంది చూశావా? డంజన్‌లో, అంటే ఆ రాక్షసులుండే నేలమాళిగలో, ఒక రోజు తినే తిండికి వాడు రెండున్నర రోజులు మూటలు మొయ్యాలి. పేదగా బతకడానికే రోజుకి 2 సిల్వర్ అవుతుందని రాశారు, అంటే వచ్చిందంతా అక్కడికక్కడే సరి. మీ ఫైటర్ దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్క గుక్కలో తాగేసే హీలింగ్ పోషన్ 50 గోల్డ్, అది వాడి 250 రోజుల కూలి.

ఇంకో లెక్క చెప్తా, ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. 50 నాణేలు ఒక పౌండ్ బరువు. మామూలు కామనర్‌కి, అంటే సాదాసీదా మనిషికి, స్ట్రెంత్ 10, అంటే 150 పౌండ్లు మోస్తాడు. మీ నిధి గదిలోంచి ఒక పోర్టర్ నిండు మూటతో బయటికొస్తున్నాడంటే వాడి వీపు మీద 7,500 గోల్డ్ ఉంది, వాడి కూలి ప్రకారం అది వందేళ్లకు పైగా సంపాదన. వాడి ప్రాణమేమో 4 హిట్ పాయింట్లే. మీ హీరోలు నలుగురూ గాయాలతో నిద్రపోతున్నారు, కాపలా ఉన్నది వాడే. మరి వాడెందుకు పారిపోవట్లేదు? దీనికి జవాబు రాయకుండా నువ్వు రాక్షసుల స్టాట్ బ్లాక్‌లు (బలాబలాల పట్టికలు) మూడు పేజీలు రాశావు.

నేను ఎవరు కనపడితే వాళ్లకి చెప్పి విసిగించే మాట ఒకటుంది, నువ్వూ విను. కూలి ఎంతో రాయడం సులువు, పుస్తకంలోనే ఉంటుంది. ఎప్పుడిస్తారు, ఎవరి చేతికిస్తారు, అది రాయాలి. అడ్వాన్స్ మొత్తం ముందే తీసుకున్నవాడు మొదటి అరుపు వినగానే చీకట్లో జారుకుంటాడు. ఏ రోజుకారోజు తీసుకునేవాడు పోగొట్టుకునేది ఒక్క పూట కూలే కాబట్టి నచ్చకపోతే మూట దించేసి వెళ్లిపోతాడు. పని అయ్యాక ఇస్తాం అన్నారనుకో, వాడు ఎంత భయపడినా మీ వెనకాలే వస్తాడు, వాడి డబ్బంతా మీ దగ్గరే ఇరుక్కుంది మరి. వాటా ఇస్తామంటే మీరు దాచిన ప్రతి రత్నాన్నీ లెక్కపెడుతూ ఉంటాడు. మనిషి అదే, డబ్బు అదే, ఇవన్నీ మాత్రం వేరు వేరు కథలు. పాత ఆటలో ఈ స్పృహ కొంత ఉండేది, ఇదే ఆట 1981 బేసిక్ సెట్‌లో వెంట తెచ్చుకున్న మనుషులు ఎంతమందో, వాళ్ల మొరేల్ (ధైర్యం) ఎంతో నీ పాత్ర కరిష్మా (ఆకర్షణ) బట్టి ఉండేది, రెండు డైస్ వేసి వాళ్లు నీతో ఉంటారో లేదో చూసేవాళ్లం. ఇప్పుడు అదంతా బుక్‌కీపింగ్ అట, బోర్ అట, డబ్బు లెక్కే వద్దనడం ఫ్యాషన్ అయిపోయింది.

నేను ఆట నడిపిస్తున్న టేబుల్లోనే ఒకసారి జరిగింది. పోర్టర్లు రెండో అంతస్తు మెట్ల దగ్గర మూటలు దించి, ఇవాళ్టిది ఇప్పుడిచ్చేస్తే దిగుతాం అన్నారు, నేను వాళ్ల గొంతుతో అంతే అన్నాను. విజార్డ్ (మంత్రగాడు) పాత్ర ఆడుతున్న కుర్రాడి సంచిలో వెయ్యి గోల్డ్ డైమండ్ ఉంది, అయినా "పైకొచ్చాక ఇస్తాంగా" అన్నాడు. ముసలి పోర్టర్ ఏం మాట్లాడకుండా టార్చ్ గోడకి ఆనించి కూర్చున్నాడు. టార్చ్ వెలిగేది గంటే. రోగ్ (దొంగ) పాత్ర ఆడే అమ్మాయి తన సిల్వర్ తీసి లెక్కపెడుతుంటే విజార్డ్ ఆమెతో గొడవకి దిగాడు, రేపు కూడా అడుగుతారు, అలవాటు చెయ్యొద్దని. అంత వేడిగా వాళ్లు డ్రాగన్ గురించి కూడా ఎప్పుడూ వాదించుకోలేదు.

దాన్నే మాడ్యూల్‌గా రాసి ఒకచోట ఇచ్చాను. ఎడిటర్ గారు కూలి పేజీ మొత్తం తీసేసి అక్కడ ఇంకో రాక్షసుడిని పెట్టారు, "ఇవి ఎవరూ చదవరండీ" అని ఒక ముక్క. సరే పోనీ అనుకుంటే, పేమెంట్ పబ్లిష్ అయ్యాక అన్నారు, పుస్తకం బయటికే రాలేదు, ఆ డబ్బూ రాలేదు. నాకు ఈ పిచ్చి ఎక్కడినుంచి పట్టుకుందో నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

ఇంకొకటి, నీ కథలో డ్రాగన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తగలబెట్టింది, సగం జనం పోయారు, అయినా కూలి అదే 2 సిల్వర్. మనుషులు దొరకనప్పుడు కూలి పెరగదా? ఇంగ్లాండ్‌లో ప్లేగు వచ్చి జనం పోయాక కూలి ఎంత పెరిగిందంటే 1351లో ఏకంగా చట్టం చేసి పాత రేట్లకే పని చెయ్యాలన్నారు, 1381లో రైతులు తిరగబడటానికి ఆ కోపం కూడా ఒక కారణం. నీ జమీందారు అలాంటి దండోరా వేయిస్తే మాడ్యూల్‌కి విలన్ వెతుక్కోనక్కర్లేదు. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకడైన గైగాక్స్ 1978లో ఆటలో ధరలు ఎందుకు అంత మండిపోతున్నాయో చెప్పడానికి అలాస్కా గోల్డ్ రష్ ఊళ్లని చూపించాడు, గుడ్డు ఒక డాలర్ అని. ఒప్పుకున్నా, మరి అలాంటి ఊళ్లో మూట మోసేవాడు మాత్రం పాత రేటుకి ఎందుకొస్తాడు? పనితనం ఉన్నవాడికి పది రెట్లు కూలి అన్నదీ నాకు మింగుడు పడదు. రోమ్‌లో డయోక్లెషియన్ 301లో వేసిన రేట్ల శాసనంలో పొలం కూలీకి రోజుకి 25 డెనారీలు, వడ్రంగికి 50, ఇద్దరికీ తిండి యజమానిదే. రెండు రెట్లు, అంతే. తిండి ఎవరిదో కూడా శాసనంలోనే రాశారు చూడు, నువ్వు రాయలేదు. బత్తెం ఎవరిదో తేలకపోతే మూడో రోజుకి నీ పోర్టర్లు పార్టీ రేషన్ దొంగతనంగా తింటారు, దాన్నైనా సీన్‌గా రాయి.

కాబట్టి మ్యాప్ పక్కన పెట్టి ముందు ఆ నలుగురికి పేర్లు పెట్టు, ఒక్కొక్కరు డబ్బు ఎప్పుడు అడుగుతారో రాయి, చనిపోతే ఎవరొచ్చి అడుగుతారో కూడా రాయి. ఆ వచ్చినవాళ్లతో పార్టీ ఎలా మాట్లాడుతుందో ప్లేయర్లకే వదిలెయ్.

మ్యాప్ ఏ సాఫ్ట్‌వేర్‌లో గీయాలో, కవర్ ఎవరితో వేయించాలో నన్ను అడక్కు, నాకు ఆ గొడవ తెలీదు. పబ్లిషర్‌ని ఎంత అడగాలి అన్నావు కదా, దాని మీద ఇంకో ఉత్తరం రాస్తా, అప్పటిదాకా ఎక్కడా సంతకం పెట్టకు.

నీ అన్న