కృత్రిమ హార్మోనా, సంశ్లేషిత హార్మోనా?

సందేహం: థైరాయిడ్ మాత్రల మీద రాసిన వ్యాసంలో, వాటిలో ఉండే థైరాక్సిన్‌ను ‘కృత్రిమ హార్మోను’ అన్నాను. అది చదివి మా అమ్మ “అయితే ఇన్నేళ్లూ నేను మింగుతున్నది నకిలీదా?” అని అడిగింది. నా మాట తప్పా?

సమాధానం: వ్యుత్పత్తి చూస్తే తప్పు కాదు. ‘డుకృఞ్’ ధాతువుకు పాణిని చెప్పిన ప్రత్యయాలు చేరి ఏర్పడిన ‘కృత్రిమ’కు ‘చేయగా ఏర్పడినది’ అని అర్థం. ధర్మశాస్త్రాల్లో కృత్రిమపుత్రుడంటే కొడుకుగా చేసుకున్నవాడే తప్ప దొంగ కొడుకు కాడు. కానీ తెలుగులో ఆ మాటకు వేరే రంగు పట్టింది. కృత్రిమ నవ్వు, కృత్రిమ కొరత అంటున్నాం కదా! మీ అమ్మగారి చెవిన పడింది ఆ అర్థమే. ఆమె సందేహం న్యాయమైనది.

‘హార్మోన్’ అనే మాటను ఇంగ్లిష్ శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ 1905లో లండన్ ఉపన్యాసాల్లో వాడాడు. పురికొల్పడం అనే అర్థమున్న గ్రీకు క్రియ దానికి మూలం. అంతకు ముందు ఏడాదే, 1904లో, జర్మనీలో హోక్స్ట్ కంపెనీ రసాయనవేత్త స్టోల్జ్ అడ్రినలిన్ అనే హార్మోన్‌ను తయారుచేశాడు. అంటే ఆ జాతికి పేరు పెట్టకముందే అందులో ఒకటి గాజు కుప్పెలో పుట్టిందన్నమాట! థైరాక్సిన్ వంతు తర్వాత వచ్చింది. 1914 డిసెంబరు 25న అమెరికాలో కెండాల్ అనే రసాయనవేత్త దాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. తర్వాత సుమారు మూడు టన్నుల పంది థైరాయిడ్ గ్రంథుల నుంచి ఆయనకు దక్కింది 33 గ్రాములు. 1927లో బ్రిటన్‌లో హారింగ్టన్, బార్జర్ దాన్ని రసాయనికంగా తయారుచేశాక గ్రంథుల కోసం కబేళాల వైపు చూడాల్సిన అవసరం క్రమంగా తగ్గింది. నేటి మాత్రలోని అణువు మన గ్రంథిలో పుట్టే అణువే. చేసిన చోటే వేరు.

1938లో లండన్‌లో డాడ్స్ బృందం ప్రకటించిన స్టిల్‌బెస్ట్రాల్ అనే మందు సంగతి అలా కాదు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను చేసే పని చేస్తుంది గానీ, ఈస్ట్రోజెన్‌లోని నాలుగు వలయాల కట్టడం దానికి లేదు, ఏ శరీరంలోనూ పుట్టదు. అలాంటిదాన్ని ‘కృత్రిమ హార్మోను’ అనడమే సబబు.

థైరాక్సిన్ లాంటి మొదటి రకానికి ‘సంశ్లేషిత’ సరైన మాట. ‘శ్లిష్’ అంటే అతుక్కోవడం, కౌగిలించుకోవడం. ‘శ్లేష’, ‘విశ్లేషణ’ కూడా దాని పిల్లలే. విడగొట్టడం విశ్లేషణ, కూర్చడం సంశ్లేషణ. శాస్త్ర వ్యాసానికి ఇది చాలు. ఇంట్లో చదివే వ్యాసంలో మాత్రం ‘ప్రయోగశాలలో తయారైన థైరాక్సిన్’ అని రాయండి. ‘సింథటిక్’ అని రాస్తే చీర గుర్తొస్తుంది.