సిమెంటు పోయించకముందు ఒకసారి చదువు బిడ్డా

బిడ్డా స్వప్నా,

పాత విద్యార్థులు మీ బడికి ఎనిమిది లక్షలు పోగుచేసి ఇచ్చిండ్రని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. హెడ్మాస్టరమ్మవై ఏడాది తిరగకముందే ఊరు నిన్ను అంత నమ్మిందంటే కడుపు నిండింది. ఎంబడే ఇంకో మాట చెప్పింది: సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు పోయిస్తున్నవట, మేస్త్రి కొలతలు కూడా తీసుకపోయిండట. తల్లులేమో ఆ పైసలతోని సైన్స్ ల్యాబు పెట్టుమంటున్నరట. అప్పటిసంది మనసు మనసుల లేదు.

ముందుగాల, ఆటనా చదువా అని పంచాయితి పెట్టుకోకు. నాలాంటి పీఈటీ ఆట దిక్కే మాట్లాడుతడనుకుంటవు, కాదు. పైసలు కరాబయ్యేది ఆట మీదనో చదువు మీదనో పెట్టినందుకు కాదు, తాళం పడే వస్తువు మీద పెట్టినందుకు. ఏది కొంటానన్నా మూడు మాటలు అడుగు: వారానికి ఎంతమంది పిల్లల చెయ్యి దానికి తగుల్తది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది? మూడో ఏడు రిపేరుకు పైసలు ఎక్కడియి? యాసిడ్ సీసాలు బీరువాల ఎండిపోయే ల్యాబు, పదిమంది పొడుగు పిల్లలే ఆడే కోర్టు, రెండూ ఒకటే.

స్లాబు కారుతుంటే ముందు అది. బాత్రూంల నీళ్లు రాకుంటే దానికంటే ముందు అది. ఆడపిల్లలు ఆటల పీరియడ్ల చెట్టుకింద కూసునేది ఆట రాక కాదు, నీళ్లు లేక.

ఇగ అసలు సంగతి. మీ బడి వెనుక జాగ నల్లరేగడి. నువ్వు అది మర్చిపోయినవు, మేస్త్రి చెప్పడు. రేగడి వానకు ఉబ్బుతది, ఎండకు కుంచించుకపోయి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తది. దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు పోస్తే కింద భూమి లేస్తుంటది, దిగుతుంటది, పైన పలక ఊకుంటదా? మన జిల్లాల ఒక బడిల గిదే చేసిండ్రు. పాత మట్టి తియ్యలే, వాలు పెట్టలే, మోరీ తియ్యలే. మొదటి వానకాలం నీళ్లు నడిమధ్యల నిలిచినయి. రెండో ఎండకాలం మూలమూలకు పగుళ్లు. తర్వాత ఒక పలక పక్కదానికంటె బొటనవేలంత పైకి లేచింది. పరుగెత్తే పిల్లకు ఆ అంచు కనపడదు. ఒక పిల్ల మణికట్టు విరిగినంక గేటుకు తాళం పడ్డది. మట్టి గ్రౌండు పోయింది, కోర్టూ పోయింది. పలకలు పగలగొట్టి ఎత్తిపోద్దామంటే దానికి మళ్ల పైసలు కావాలె. ఆ బడి పిల్లలు ఇప్పటికీ రోడ్డు మీద ఆడుతున్నరు.

నువ్వు ఆరో తరగతిల ఖోఖో ఆడంగ ఎడమ మోకాలు చెక్కుకపోయింది, యాదికుందా? పసుపు పెడితే వారంల మానింది. మట్టి కాబట్టి మానింది. సిమెంటు మీద అట్లనే దుంకితే మోకాటి చిప్ప మీదికే వస్తది.

నా మాట విని మొరం గ్రౌండే చెయ్యి. 24 మీటర్ల పొడుగు, 16 మీటర్ల వెడల్పు చదును చాలు. వాలీబాల్ కోర్టు 18 ఇంటు 9, కబడ్డీ 13 ఇంటు 10. చుట్టూ మూడు మీటర్లు వదిలినా రెండూ అదే జాగల పడుతయి. రేగడి అడుగు లోతు తీయించు. కింద అరడుగు కంకర పోసి రోలర్ తిప్పించు, మీద అరడుగు మొరం. ఒక్కసారే పొయ్యనియ్యకు, మూడంగుళాలు పోసుడు, తడుపుడు, రోలర్ తిప్పుడు, మళ్ల మూడంగుళాలు. రోలర్ కింద అణిగేది కలుపుకుంటే మొరమే వంద ఘనపుటడుగుల ట్రాక్టర్లు ఇరవై ఐదు దాక పడుతయి. ట్రిప్పులు నువ్వే నిలబడి లెక్కపెట్టు. వాలు ఒక్క దిక్కే, పది మీటర్లకు పది సెంటీమీటర్లు. కంటితోని చూసి సరేననకు, నీళ్ల పైపుతోని లెవెల్ పట్టించు. పల్లం దిక్కు మోరీ ఉండాలె. వాలీబాల్ గుంజలు పాతిపెట్టొద్దు. పైపు గొట్టం దించి, ఆడేటప్పుడే గుంజ నిలబెట్టాలె. ఆ గొట్టాలు కబడ్డీ గీతకు అర మీటరు బయటనే పడుతయి, నేలకు సమంగ మూత లేకుంటే పిల్లల కాలు అండ్లనే ఇరుక్కుంటది. మూతల సంగతి మాత్రం ఎవలకూ ఒప్పజెప్పకు.

కమిటీల ఎవరో ఒకరు కల్లెడ దీప్తి పేరు ఎత్తుతరు. ఎత్తాలె, పర్వతగిరి మండలం పిల్ల 2024ల జపాన్ కోబెల పారా పోటీలల్ల 400 మీటర్ల పరుగుల 55.07 సెకండ్లతోని ప్రపంచ రికార్డు కొట్టి, అదే ఏడు ప్యారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చిందంటే మనకు ఎంత గర్వం! కాని ఆ పిల్లను ముందుగాల గుర్తుపట్టింది పరుగు చూసిన కన్ను, కోర్టు కాదు. సింథటిక్ ట్రాక్ కావాలంటే హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉండనే ఉన్నది, 2021ల జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడనే అయినయి. ఉరికే పిల్లలకు బస్సు కిరాయి పెట్టి తోలుకపో.

సమగ్ర శిక్ష కింద హైస్కూలుకు ఆటల గ్రాంటు ఏడాదికి 25,000 దాక వస్తది. షీల్డులకు, జెర్సీలకు పెట్టకు. నలభై మందికి రెండు బంతులు కొంటే పీరియడ్ అంత ముప్పై మంది నిలబడి చూసుడే అయితది. ఆరు వాలీబాళ్లు, ఇరవై తాళ్లు, రెండు ఖోఖో గుంజలు కొను. ఖోఖోకు బంతి కూడా వద్దు.

గ్రౌండుకు పోంగ మిగిలేది తల్లులకు చెప్పి చదువుకు పెట్టు, సగం సగం పంచాలని మాత్రం అనుకోకు. పుస్తకాలు బీరువాల కాదు, ప్రతి తరగతి గోడకు ఒక అర. ప్రయోగాలకు భూతద్దాలు, అయస్కాంతాలు, లిట్మస్ కాయితాలు పిల్లల చేతికి అందేటట్టు కొను. లక్ష మాత్రం రిపేర్లకు బ్యాంకుల ఉంచు, ఎవరు అడిగినా తియ్యకు. ఇంకోటి, జనవరి రాంగనే పదో తరగతోళ్ల ఆటల పీరియడ్ లెక్కల సారు గుంజుకుంటడు. దాన్ని ఆపనీకి పైస ఖర్చు లేదు, నీ సంతకం చాలు.

గట్టిగ అన్నట్టున్న, ఏమనుకోకు బిడ్డా. మూడు వందల మంది పిల్లలు నీ చేతికిందికి వచ్చిండ్రు, నాకు వాళ్ల మోకాళ్లు, మణికట్లే కండ్లల్ల మెదులుతున్నయి.

మిరుగం లోపల మొరం పడాలె, వాన మొదలైతే రోలర్ దిగబడ్తది. మేస్త్రికి బయానా ఇచ్చినవా, ఇయ్యలేదా, ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. ఇయ్యకుంటే ఆగు. ఐతారం పొద్దుగాల మొదటి బస్సుకే వస్త, లెవెల్ పైపు నేనే పట్టుకొస్త.

మీ చిన్నాయన