అమెరికాలో ఒక రాష్ట్రం లైసెన్సుతో ఇంకో రాష్ట్రంలో వైద్యం చేయవచ్చా?

మామూలుగా కుదరదు. అక్కడ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాల బోర్డులే. పైగా చూసేది డాక్టరు ఎక్కడున్నారని కాదు, పేషెంటు ఎక్కడున్నారని. టెక్సాస్‌లో కూర్చుని ఓహాయోలోని పేషెంటును వీడియో కాల్‌లో చూడాలన్నా సాధారణంగా ఓహాయో అనుమతి ఉండాల్సిందే.

నర్సులకు కాస్త నయం. సొంత రాష్ట్రం నర్స్ లైసెన్సర్ కాంపాక్ట్‌లో (నర్సుల లైసెన్సులపై రాష్ట్రాల మధ్య ఒప్పందం) ఉంటే, అక్కడ తీసుకున్న మల్టీస్టేట్ లైసెన్సు మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. కాపురం మరో సభ్య రాష్ట్రానికి మారిస్తే మాత్రం 60 రోజుల్లోగా అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. సామాన్లు సర్దుకునే హడావుడిలో మరిచిపోయేది ఇదే.

డాక్టర్లకూ ఇలాంటి కాంపాక్ట్ ఉంది, దాని కింద 2017 నుంచి లైసెన్సులు ఇస్తున్నారు. కాంపాక్ట్ అన్న పేరు చూసి ఒకటే లైసెన్సు అనుకోకండి. అర్హతల పరిశీలన ఒక్కసారే గానీ, ఏ రాష్ట్రం లైసెన్సు దానిదే, ఫీజూ దానిదే.