మూడో బిస్కెట్ తినగానే కుక్క ఎందుకు వెళ్ళిపోతుంది?

నారాయణగూడలో ఇరానీ చాయ్ తాగుతూ రోజూ మూడు ఉస్మానియా బిస్కెట్లు వేస్తే, మూడోది తినగానే వీధికుక్క వెళ్ళిపోతోంది, దానికి లెక్క వచ్చా అని అడిగారు.

మనలా ఒకటి, రెండు అని లెక్కపెట్టదు. చిన్న సంఖ్యల తేడా మాత్రం చాలా జంతువులకు తెలుస్తుంది. కానీ మీ కుక్క బహుశా మీ చేతులనే చూస్తోంది. మూడోది వేశాక చేతులు దులుపుకుంటారు కదా, అదే దానికి సైగ. జర్మనీలో హాన్స్ అనే గుర్రం గిట్టతో తట్టి కూడికలు చెప్పేది. అడిగినవాళ్ల తల చిన్నగా కదలడం చూసి తట్టడం ఆపేస్తోందని 1907లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫుంగ్‌స్ట్ బయటపెట్టాడు. పాపం, గుర్రం మోసమేమీ చేయలేదు!

ఇక బిస్కెట్ మీద ఆశ సంగతి. గుర్తు అలవాటయ్యాక మెదడులో డోపమైన్ అనే రసాయనం తిండి దగ్గర కాదు, ఆ గుర్తు దగ్గరే ఎగసిపడుతుంది. అందుకే సాసర్ చప్పుడుకే తోక ఊగుతుంది.

రేపు రెండే వేసి చేతులు దులుపుకోండి. లేచి వెళ్తుందో, మూడోదాని కోసం ఆగుతుందో చూడండి.