డ్రై ఐస్ పెట్టి ఓవర్‌క్లాక్ చేస్తే మదర్‌బోర్డుకు చెమ్మ పట్టకుండా ఏం చేయాలె?

తమ్ముడూ, మహబూబ్‌నగర్‌లో మీ రూమ్‌లోనే డ్రై ఐస్‌తో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పాత ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేస్తా, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ ఉరికిస్తా అంటున్నవ్. బోర్డు మీద నెయిల్ పాలిష్ కొడితే సరిపోతదా అని అడిగినవ్. సరిపోదు. నల్లగొండలో నాది రిపేర్ షాపు. ఈ పిచ్చి ఉన్న దోస్తులతోని కూసోని చూసినవే చెప్తున్న.

నీళ్లు గదిలో గాలి నుంచి వస్తయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగ మారుడు షురువయ్యే వేడి) కన్నా చల్లగైన ప్రతి దాని మీద గాలిలో తేమ నీరై చేరుతది. ఎండ ఎక్కువుంటే తేమ ఎక్కువ అనుకోకు. ఏప్రిల్‌లో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజు డ్యూ పాయింట్ 13 డిగ్రీల దగ్గర ఉంటది. వానకాలంలో 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే అది 24 డిగ్రీలకు ఎక్కుతది. అంటే ఒంటికి చల్లగా హాయిగా ఉన్న రోజే బోర్డుకు గండం. మామూలు వాటర్ కూలింగ్ గది వేడి కన్నా కిందికి దిగదు కాబట్టి అది వాడేటోళ్లకు ఈ బాధ లేదు. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు, నీకు తప్పదు.

కాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు పెట్టుకో. మన దగ్గర ఎండకాలం ప్రతి ఇంట్ల నడిచే నీళ్ల కూలర్ ఉంటది చూడు, ముందు దాన్ని బంద్ చెయ్యి. గదిలోకి తేమ పంపుడే దాని పని. ఏసీ అయితే తేమను గుంజేస్తది గని తలుపులేసి కూసుంటే ఇంకో ప్రమాదం: కిలో డ్రై ఐస్ ఆవిరైతే 500 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ అయితది, ఊపిరాడదు. కిటికీలు తెరిచే ఉంచు. ఏసీ మీద ఆశ పెట్టుకోకుండా పొడి రోజు చూసుకునుడే మేలు.

ఇగ అసలు పని. చల్లటి లోహానికి గాలి తగలకుండా చెయ్యాలె, అంతే. నెయిల్ పాలిష్ గానీ కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డుల మీద వేసే రక్షణ పూత) గానీ చెమ్మ పట్టినంక షార్ట్ కాకుండా కాపాడతయి, చెమ్మ పట్టకుండా ఆపలేవు. అయినా కొట్టు. ర్యామ్ స్లాట్లకు, సాకెట్‌కు, పోర్టులకు మాస్కింగ్ టేప్ వేసి, పల్చగా రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనియ్యి.

దాని మీద ప్రాసెసర్ చుట్టూ బొమ్మలేసేటోళ్లు వాడే, పిసికితే మెత్తగయ్యే రబ్బరును కెపాసిటర్ల సందుల్లోకి ఒత్తు. చిన్న సందు మిగిలినా అందులో గాలి ఉంటది, ఆ గాలిలో తేమ అక్కడే మంచు కడతది. వేలితో నొక్కుకుంటూ పోవాలె, తొందరపడితే కుదరదు. దాని మీద ఏసీ మెకానిక్‌లు రాగి పైపులకు తొడిగే నల్ల ఫోమ్ షీటు కత్తిరించి, పాట్ (ప్రాసెసర్ మీద బిగించి డ్రై ఐస్ వేసే లోహపు గిన్నె) చుట్టూ బిగుతుగా దిగేటట్టు పెట్టు. పరుపుల స్పాంజి వద్దు, అది నీళ్లు పీల్చుకుంటది.

అందరూ మరిచేది బోర్డు వెనక భాగం. చలి సాకెట్ గుండా, లోపలి రాగి పొరల గుండా వెనక్కి దిగుతది. ముందు శుభ్రంగా ఉండి వెనక నీళ్లు కారుతున్న బోర్డులు నా టేబుల్ మీదికే వచ్చినయి. అక్కడ కూడా ఫోమ్ పెట్టాలె. పాట్‌కు దగ్గరున్న ఖాళీ ర్యామ్ స్లాట్లు కూడా మూసెయ్యి. పాట్ మెడకు టిష్యూ చుట్టి, మామూలు ఫ్యాన్ ఒకటి బోర్డు మీదికి తిప్పు. గది గాలి వీస్తుంటే బోర్డు పైభాగం అంత చల్లబడదు.

మంచు మంచులాగ ఉన్నంతసేపు పెద్దగా ఏం కాదు. అది కరిగేటప్పుడే బోర్డులు పోతయి. కరిగిన నీరు దుమ్మును, ఫ్లక్స్‌ను (సోల్డరింగ్‌లో మిగిలే జిగురు) కలుపుకొని కరెంటు పారే దారి అయితది. నడిమధ్యల కరెంటు పోయిందనుకో, ప్రాసెసర్ వేడి ఆగి, పాట్‌లో చలి అంతా బోర్డులోకి దిగుతది. కరెంటు వచ్చింది కదా అని స్విచ్ వెయ్యకు. మిగిలిన డ్రై ఐస్ తీసేసి, గది వేడికి వచ్చినంక ఫోమ్, రబ్బరు అన్నీ విప్పి, హెయిర్ డ్రయర్‌తో మధ్య వేడి మీద స్లాట్లు, సాకెట్ ఆరబెట్టు. ఆ తర్వాత ఒక రోజు ఫ్యాన్ కింద వదిలెయ్యి. బియ్యం డబ్బాలో దాచుడు దండగ, తౌడు దుమ్ము స్లాట్లలోకి పోతది.

పాట్‌లో డ్రై ఐస్‌తో పాటు పోసే అసిటోన్‌కు నిప్పు అంటుకుంటది, దగ్గర సిగరెట్ వద్దు. డ్రై ఐస్‌ను మూత బిగించిన డబ్బాలో దాచకు, పేలుతది. థర్మోకోల్ పెట్టె చాలు.

ద్రవ నైట్రోజన్ కూడా అడిగినవ్. మన ఊళ్లల్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రల దగ్గర క్యాన్లు కనిపిస్తయి గని అవి పశువుల వీర్యం నిల్వ ఉంచేవి, వాళ్లను అడగొద్దు. కావాలంటే హైదరాబాద్‌లో ఇండస్ట్రియల్ గ్యాస్ అమ్మేటోళ్లు ఉన్నరు. అది మైనస్ 196 డిగ్రీలు, పైన చెప్పిన ఫోమ్ పని ఇంకా గట్టిగా చెయ్యాలె. ముందు డ్రై ఐస్‌తో, పోయినా ఫికర్ లేని బోర్డు మీద చెయ్యి.