మంగోలియా మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. మంగోలియా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. "కనుచూపు మేర పచ్చని తివాచీ" మూడుచోట్ల పడింది, మూడూ కొట్టేయ్. అసలు చిక్కు అది కాదు. "చూడదగ్గ పది ప్రదేశాలు" అని పదీ వరసపెట్టావు గానీ, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్తారో ఒక్క ముక్క లేదు. కాశీ, రామేశ్వరం పక్కపక్క వీధుల్లో ఉన్నట్టుంది చదువుతుంటే.

ఆ దేశం వైశాల్యం 15 లక్షల 64 వేల చదరపు కిలోమీటర్లు. మన రెండు రాష్ట్రాలూ కలిపితే 2 లక్షల 75 వేలు. అంటే మనకు ఐదున్నర రెట్ల పైమాటే. జనం చూస్తే 35 లక్షల చిల్లర, అందులో దాదాపు సగం రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే. మిగిలిందంతా ఖాళీ. గోబీ ఎడారికి వెళ్లినవాడు చోట్ల దగ్గర నిలబడే గంటల కన్నా బండిలో కూర్చునే గంటలే ఎక్కువ. కాబట్టి దారిని రాయి, చోట్లు వాటంతటవే వస్తాయి.

దూరాన్ని కిలోమీటర్లలో చెప్పి ఊరుకోవద్దు. ఉలాన్‌బాతర్ నుంచి దక్షిణ గోబీ జిల్లా కేంద్రం దలన్‌జద్‌గద్‌కు సుమారు 550 కిలోమీటర్లు, తారురోడ్డు, ఒక పగలు పడుతుంది. అక్కడి నుంచి ఖోంగోర్ ఇసుకతిన్నెలకు సుమారు 180. "మూడు గంటల్లో పోవచ్చు" అని పాఠకుడు లెక్కేసుకుంటాడు. తారు వదిలాక ఉండేవి మట్టిలో చక్రాల జాడలే, ఒకదాని పక్కన ఇంకొకటి, పది పదిహేను వరసలు. గంటకు 30, 40 మించి పోదు. పాత జాడ గతుకులు పడితే డ్రైవరు పక్కన కొత్త జాడ తీస్తాడు, అందుకే అన్ని వరసలు. ఏటేటా కొంత మేర తారు పడుతోంది కాబట్టి నీ సమాచారం ఏ నెల, ఏ సంవత్సరం నాటిదో వ్యాసంలోనే రాసెయ్. వీసా నిబంధనలకూ అదే పద్ధతి.

బండి గురించి నువ్వు "జీపు" అని తేల్చేశావు. అక్కడ ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి జపాన్ ల్యాండ్‌క్రూయిజర్. రెండోది రష్యా వాళ్ల ఉవాజ్ వ్యాను, దాన్ని ఫుర్గోన్ అంటారు, చూడ్డానికి బ్రెడ్డు దిమ్మలా ఉంటుంది. ఫుర్గోన్ ఇంజను డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్యన ఉంటుంది. జులైలో ఆ ముందు సీటు దొరికినవాడి మోకాలు కాలుతుంది. ఏసీ ఉండదు. అయినా దాన్నే ఎందుకు వాడతారంటే, దారిలో ఏది విరిగినా డ్రైవరు పానా పట్టుకుని అక్కడికక్కడే బాగుచేసుకోగలడు. ఈ సంగతి తెలిస్తే పాఠకుడు రెండిట్లో ఏది మాట్లాడుకోవాలో తనే తేల్చుకుంటాడు.

గోబీ చుట్టు మామూలుగా ఇలా సాగుతుంది: మొదటి రోజు చగాన్ సువర్గ మట్టికొండలు, తర్వాత యోలిన్ ఆమ్ లోయ, ఖోంగోర్ తిన్నెలు, ఎర్రమట్టి కొండల బయన్‌జగ్, అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి ఓంగీ మఠం శిథిలాలు, ఖర్‌ఖోరిన్, చివరికి రాజధాని. ఏడెనిమిది రోజులు. నువ్వు ఐదు రోజులన్నావు. ఐదు రోజుల్లో అవుతుంది, కానీ రోజూ చీకటిపడ్డాకే గుడారం చేరతారు. చీకట్లో దిగి, చీకట్లో తిని, తెల్లారి బయల్దేరితే చూసిందేమిటి?

పేర్ల దగ్గర ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి తెలుగులోకి దిగావు, అందుకని చగాన్ కాస్తా "ట్సాగాన్" అయింది. మంగోలు భాషలో ఆ శబ్దం మన దంత్య చకారానికి చాలా దగ్గర. "చాప", "చుక్క" ఎలా అంటామో అలా అను. బయన్‌జగ్‌లో జ కూడా "జడ"లో జ లాంటిదే. ఇంగ్లీషువాళ్లు రెండక్షరాలతో తంటాలు పడేదాన్ని మనం ఒక్క అక్షరంతో పలుకుతాం. ఆ సౌకర్యాన్ని వదులుకోకు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో ఉచ్చారణ చెప్పి, అక్కణ్ణుంచి మామూలు చ, జ వాడు.

పేర్లకు అర్థం కూడా చెప్పు, వర్ణన సగం తగ్గుతుంది. చగాన్ సువర్గ అంటే తెల్ల స్తూపం. బయన్‌జగ్ అంటే జగ్ పొదలు సమృద్ధిగా ఉన్న చోటు. ఆ చోటికే "మండే కొండలు" అన్నది 1922లో అక్కడికి వచ్చిన అమెరికన్ యాత్రికుడు రాయ్ చాప్మన్ ఆండ్రూస్ బృందం పెట్టుకున్న పేరు. యోల్ అంటే గడ్డం రాబందు, ఆమ్ అంటే నోరు. ఎర్దెనె జూ అనే మఠం పేరులోని ఎర్దెనె మన "రత్నం" మాటే, సంస్కృతం నుంచి మధ్య ఆసియా మీదుగా వెళ్లింది. అక్కడి వాళ్లకు శుక్రగ్రహం సుగర్, శని సాంచిర్, అంగారకుడు అంగరగ్. తెలుగు పాఠకుడు వీటి దగ్గర తప్పకుండా ఆగుతాడు.

యోలిన్ ఆమ్ లోయలో "ఏడాది పొడవునా మంచు" అని రాశావు. పాత పుస్తకాల్లో అలాగే ఉంటుంది. ఇప్పుడు వేసవి చివరికొచ్చేసరికి కరిగిపోవడం మామూలే. జూన్‌లో వెళ్లినవాడు మంచుగడ్డ మీద నడుస్తాడు, ఆగస్టు చివర్లో వెళ్లినవాడు సన్నటి నీటిపాయ చూసి నిన్ను తిట్టుకుంటాడు. నెల చెప్పకుండా ప్రకృతిని వర్ణించకు. ఓర్ఖోన్ జలపాతం సంగతీ అంతే. వానలు పడకముందు వెళ్తే అక్కడ ఉత్త రాతిగోడ ఉంటుంది. వానలు పడ్డాక నీళ్లుంటాయి, చేరే దారి బురదవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము గాలులు. జూన్, సెప్టెంబరు గోబీకి అనువు. సెప్టెంబరు సగం దాటాక చాలా గుడారాల శిబిరాలు మూసేస్తారు, అదీ చెప్పు.

ఇక ఖోంగోర్ తిన్నెలు. నీ వ్యాసంలో వీటికి నాలుగు వాక్యాలిచ్చావు, నాలుగూ విశేషణాలే. గోబీ అంటే అంతా ఇసుకే అనుకుంటారు మనవాళ్లు. నిజానికి గులకరాళ్ల నేల, ఎండుగడ్డి ఎక్కువ, ఇసుక చాలా తక్కువ. ఈ తిన్నెల వరస మాత్రం 100 కిలోమీటర్లకు పైగా సాగుతుంది, కొన్నిచోట్ల 200 మీటర్ల ఎత్తు దాటుతుంది. ఎక్కడానికి ముప్పావు గంట నుంచి గంటన్నర. రెండడుగులు వేస్తే ఒకటిన్నర వెనక్కి జారుతుంది. నిటారుగా ఎగబాకేవాళ్లు సగంలో కూలబడతారు. ముందు వెళ్లినవాళ్ల అడుగుల గుంటల్లో అడుగులేస్తూ, లేదా గాలి గట్టిపరిచిన అంచు వెంట పోవాలి. మధ్యాహ్నం ఇసుక కాలుతుంది. జులైలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాకే, కాబట్టి ఏడింటికి మొదలుపెట్టినా చాలు. అయితే శిబిరంలో భోజనం ఆ వేళకే పెడతారు. ముందుగా చెప్పకపోతే దిగొచ్చేసరికి వంటపొయ్యి ఆర్పేసి ఉంటుంది.

ఈ తిన్నెలకు స్థానికంగా పాడే ఇసుక అని పేరు. పొడిగా, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్న రేణువులు నిటారు వాలు మీద ఒక్కసారిగా జారితే దూరంగా విమానం పోతున్నట్టు బొంగురు మోత వస్తుంది. పైనుంచి కూర్చుని మడమలతో తోసుకుంటూ దిగితే కింద ఒళ్లంతా అదురుతుంది. ముందురోజు వాన పడి ఉంటే మాత్రం మోత రాదు, ఎంత జారినా రాదు. నువ్వు "ఇసుక పాడుతుంది" అని ఊరుకున్నావు. ఎప్పుడు పాడదో కూడా రాయి, అప్పుడే నమ్ముతారు. శిఖరం మీద గాలికి ఇసుక ముఖాన కొడుతుంది. కెమెరా లెన్సు అక్కడ మార్చకూడదు, ఫోను జిప్ కవర్లో పెట్టుకోవాలి. మనిషికో లీటరు నీళ్లు.

బయన్‌జగ్ దగ్గర ఒక పొరపాటు చేశావు. 1923లో అక్కడ దొరికిన డైనోసార్ గుడ్లు ప్రోటోసెరటాప్స్‌వి అని రాశావు. మొదట అందరూ అలాగే అనుకున్నారు. ఆ గుడ్ల పక్కన దొరికిన ఇంకో జంతువుకు, గుడ్లు కాజెయ్యడానికి వచ్చిందనుకుని, 1924లో ఓవిరాప్టర్ అని పేరు పెట్టారు. గుడ్ల దొంగ అని అర్థం. 1993లో గోబీలోనే ఉఖా తోల్గోద్‌లో అలాంటి గుడ్డులో పిండం బయటపడింది. తీరా చూస్తే గుడ్లు ఆ కోవ జంతువులవే. తల్లినో తండ్రినో దొంగ అన్నారన్నమాట. శాస్త్రం నియమం ప్రకారం పేరు మార్చరు కాబట్టి ఆ నింద అలాగే ఉండిపోయింది. చూశావా, తప్పు దిద్దబోతే మంచి కథ దొరికింది. దాన్ని వ్యాసం మధ్యలో పెట్టు.

అక్కడికి పొద్దుగుంకే వేళకే వెళ్లాలి; నడినెత్తి ఎండలో ఆ ఎర్రమట్టి వెలవెలబోతుంది. అంచులు పొడిమట్టి, విరిగిపోతాయి, వెనక్కి నిలబడమని రాయి. శిలాజం ముక్క కనిపిస్తే జేబులో వేసుకోకూడదు, అది ప్రభుత్వ ఆస్తి. 2012లో న్యూయార్క్‌లో వేలానికొచ్చిన టార్బోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మంగోలియాదని తేలి, మరుసటి ఏడు వెనక్కి వచ్చింది. దుకాణంలో "డైనోసార్ ఎముక" అమ్మినా కొనొద్దని చెప్పు.

ఖర్‌ఖోరిన్ గురించి ఆశ పెంచకు. 13వ శతాబ్దపు మంగోలు రాజధాని కారాకోరం అక్కడే ఉండేది, నిజమే. 1388లో చైనా మింగ్ సైన్యం నేలమట్టం చేసింది. ఇప్పుడు కనిపించేవి ఒకటి రెండు రాతి తాబేళ్లు, 1586 ప్రాంతంలో కట్టిన ఎర్దెనె జూ మఠం, దాని ప్రహరీ మీద వంద పైచిలుకు స్తూపాలు. ముందు మ్యూజియంలో పాత నగరం నమూనా చూసి తర్వాత మైదానంలోకి నడిస్తే, ఖాళీ నేల కొంచెం అర్థమవుతుంది. ఆ వరస తిరగబడితే నిరుత్సాహమే.

రాజధానికి రెండు రోజులు చాలు. గందన్ మఠంలో అవలోకితేశ్వరుడి విగ్రహం 26.5 మీటర్లు. పాతదాన్ని 1938లో విప్పి తీసుకుపోయారు. ఇప్పుడున్నది జనం చందాలతో 1996లో నిలబెట్టింది. అదే ఆవరణలో కాలచక్రం అనే బౌద్ధ తంత్రానికి వేరే ఆలయం ఉంది. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, అని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. దీన్ని నీ వ్యాసంలో ఎక్కడా తేలేదు, ఆశ్చర్యమేసింది. చెంగిజ్‌ఖాన్ 40 మీటర్ల ఉక్కు విగ్రహం, తెరెల్జ్ పార్కు ఒకే దిక్కున ఉన్నాయి, ఒకే రోజులో పెట్టు. హుస్తాయ్‌లో తఖీ అడవి గుర్రాలు తెల్లవారుజామున, సాయంత్రం నీళ్లకు దిగుతాయి. మధ్యాహ్నం వెళ్తే కొండమీద చుక్కల్లా కనిపిస్తాయి.

జులై 11 నుంచి జరిగే ఆటల పండుగ నాదమ్‌కు ఒక పేరా చాలు. రాజధానిలో ప్రారంభోత్సవం టిక్కెట్లు ముందే అయిపోతాయి, గుర్రప్పందేలు ఊరి బయట. చిన్న ఊళ్ల నాదమ్‌లలో కుస్తీ గోదా పక్కనే కూర్చుని చూడొచ్చు. పడమటి కజఖ్ డేగల పండుగ, ఉత్తరాన హువ్స్‌గుల్ సరస్సు ఈ వ్యాసంలోంచి తీసెయ్. వాటికి వేరే ప్రయాణం, వేరే వ్యాసం.

గుడారాన్ని అక్కడ గేర్ అంటారు. దాని మర్యాదలు ఇంగ్లీషువాళ్లకు పేజీలు పేజీలు చెప్పాలి, మనవాళ్లకు అక్కర్లేదు. గడప తొక్కకూడదు, ప్రదక్షిణ దిశలో తిరగాలి, కుడిచేత్తో అందుకోవాలి, పొయ్యిలో చెత్త వెయ్యకూడదు అంటే చాలు, మన ఇంట్లో సంగతే కదా అంటాడు. కొత్తగా చెప్పవలసింది ఒకటి: మధ్యనున్న రెండు స్తంభాల నడుమ నుంచి పోకూడదు. ఇంకోటి, బయట కుక్కలుంటాయి. దూరం నుంచే "నొఖోయ్ ఖోర్" అని కేకెయ్యాలి, కుక్కను పట్టుకోండి అని. పొయ్యిలో వేసేది ఎండుపేడ, మన పిడకే, చేత్తో చరచకుండా మైదానంలో ఎండిందాన్ని ఏరుకొస్తారు. త్వరగా వేడెక్కుతుంది, రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది, దుప్పటి కిందే స్వెట్టరు ఉంచుకోమను.

తిండి గురించి "శాకాహారులకు కొంత ఇబ్బంది" అని తప్పించుకున్నావు. సూటిగా రాయి. రాజధానిలో దొరుకుతుంది. పల్లెల్లో మాంసం ముక్కలు ఏరేసి పులుసు పోస్తారు, అది శాకాహారమనే వాళ్ల ఉద్దేశం. "మఖ్‌గుయ్" అంటే మాంసం లేకుండా అని. పులుసు కూడా వద్దని డ్రైవరు చేత విడిగా చెప్పించుకోవాలి. ఊరగాయ, అటుకులు, వేడినీళ్లలో కలుపుకునే ఉప్మా పొట్లాలు వెంట ఉంటే వారం గడుస్తుంది. టీలో చక్కెర ఉండదు, ఉప్పు ఉంటుంది. ఎండబెట్టిన పెరుగుముక్క, ఆరూల్, ఇస్తే కొరకొద్దు, పన్ను పోతుంది. బుగ్గన పెట్టుకుని చప్పరించాలి.

తిరగరాసిన ప్రతితో పాటు చేత్తో గీసిన రూటు బొమ్మ ఒకటి పంపు. ఒక్కో గీత మీద గంటలు వెయ్యి, పెట్రోలు బంకు ఉన్న ఊళ్లకు చుక్క పెట్టు. బొమ్మలో గీత ఎక్కడ తెగిందో, వ్యాసంలో అక్కడ ఇంకో పేరా కావాలి.

శుభాశీస్సులతో.