ఊపిరి పరీక్ష గదిలో చేరబోతున్న మేనకోడలికి

బరంపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో స్పైరోమెట్రీ, అంటే ఊపిరి కొలిచే పరీక్ష, చేసే టెక్నీషియన్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు ఆ పనే చేసినవాణ్ని కనుక, యంత్రంతో వచ్చే పుస్తకంలో కనిపించని సంగతులు కొన్ని రాస్తున్నాను.

మనం కొలిచేది ముఖ్యంగా రెండు. నిండా పీల్చిన ఊపిరిని బలంగా చివరిదాకా వదిలితే వచ్చే మొత్తం గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులోనే వచ్చేది ఎఫ్‌ఈవీ వన్. ఉబ్బసంలోను, సీఓపీడీ అనే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బులోను శ్వాసనాళాలు ఇరుకై గాలి ఆలస్యంగా వస్తుంది కనుక మొదటి సెకను వాటా తగ్గుతుంది. శ్వాసనాళాలను విప్పే సాల్బుటమాల్ మందు పీల్పించి పావుగంట ఆగి చేసిన పరీక్షలో కూడా ఆ వాటా 0.70 కన్న తక్కువ ఉంటే, ఆయాసం, దగ్గు వంటి లక్షణాలతో కలిపి చూసి డాక్టరు సీఓపీడీ అంటారు. ఊపిరితిత్తులే గట్టిపడి కుంచించుకుపోయిన జబ్బుల్లో మొత్తం గాలే తగ్గుతుంది, వాటా మాత్రం మామూలుగానో అంతకన్న ఎక్కువగానో ఉంటుంది.

సరిగ్గా ఇక్కడే నేను బోర్లాపడ్డాను. చేరిన మొదటి ఏడాది, అడ్డపొగ అలవాటున్న ముసలమ్మ ఒకామె వచ్చింది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకొని తాగే అలవాటు మన వైపు ఆడవాళ్లలో నువ్వూ చూసే ఉంటావు. ఆమె రెండు సెకన్లు ఊది ఆగిపోతే, పాపం అలసిపోయిందని నేను సరిపెట్టుకున్నాను. చివరి గాలి లోపలే మిగిలిపోవడంతో ఎఫ్‌వీసీ తక్కువగా నమోదై, వాటా మామూలుగా కనిపించి, ఊపిరితిత్తులు కుంచించుకున్నట్టు కాగితం వచ్చింది. డాక్టరుగారు యంత్రం గీసిన ఊపిరి గీత మీద వేలు పెట్టి, “ఇది నెమ్మదిగా దిగాలి కదా, కత్తితో కోసినట్టు ఆగిందేమిటి?” అని అడిగారు. మర్నాడు మళ్లీ కూర్చోబెట్టి, పదకొండు సెకన్లు ఊదిస్తే వాటా 0.58 వచ్చింది. అందుకే అంకెల కన్న ముందు గీతను చూడు.

ఊదించడం గొంతుతో చేసే పని. మొదట నువ్వే ఊది చూపించు. ముక్కుకు క్లిప్పు పెట్టి, పెదవులు గొట్టం చుట్టూ బిగించమని చెప్పి, నిండా పీల్చగానే “ఊదు!” అని గట్టిగా అను, ఆ తరువాత గీత చదునయ్యే వరకు “ఇంకా, ఇంకా, ఇంకా” అంటూనే ఉండు. ఒడియా వాళ్లకు “ఫుంక, ఫుంక” అనాలి. కొండ మీది నుంచి వచ్చే సవర ఆడవాళ్లకు మన రెండు భాషలూ అందకపోతే, తోడు వచ్చినవారి చేత చెప్పించు. కొందరికి కళ్లు తిరుగుతాయి కనుక చేతులున్న కుర్చీలోనే కూర్చోబెట్టు. మంచి ఊదులు మూడు కావాలి, వాటిలో మేలైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. పెద్దవాళ్లను ఎనిమిది సార్లకు మించి ఊదించి అలసిపోయేలా చేయకు.

రోజూ పొద్దున్నే మూడు లీటర్ల సిరంజితో యంత్రాన్ని సరిచూడు. ఎత్తు చెప్పులు విప్పించి నువ్వే కొలవాలి, ఎందుకంటే ఉండవలసిన అంకెలన్నీ వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవాటిని బట్టే లెక్కకడతారు. గూని ఉన్నవాళ్లకు చేతులు బార చాపించి కొలుస్తారు. గుండెపోటు వచ్చి వారం కానివారిని, ఈమధ్యే ఆపరేషన్ అయినవారిని డాక్టరును అడగకుండా ఊదించవద్దు. క్షయ అనుమానం ఉంటే ముందు కళ్లె పరీక్ష కానివ్వు.

బీడీ, చుట్ట తాగని ఆడవాళ్లను కట్టెల పొయ్యి దగ్గర ఎన్నేళ్లు వండారో అడుగు. రాతి క్రషర్‌లో పనిచేసినవాళ్లను ఆ దుమ్ములో ఎంతకాలం ఉన్నారో అడిగి కాగితం మీద రాయి. పాత క్షయ ఉంటే అదీ రాయి. ఆ ఒక్క వరుస డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. జబ్బు పేరు మాత్రం నువ్వు చెప్పకు.

మొదటి నెలలో సందేహం కలిగిన గీతలను, రోగుల పేర్లు కనబడకుండా కాగితం మీద గీసి ఉంచు. దసరాకు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చొని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య